నవ్విన ఫొటోతో మృతదేహం గుర్తింపు: పళ్లను పోల్చే పద్ధతి

పళ్లతో మనిషిని గుర్తించాలంటే రెండు రికార్డులు కావాలి. ఒకటి మృతదేహం నుంచి మనం తీసుకునేది. రెండోది ఆ మనిషి బతికున్నప్పటిది. చిక్కంతా రెండోదానితోనే. దేవరకొండ తండా నుంచి హైదరాబాద్ వచ్చి అడ్డా మీద నిలబడే కూలీకి, నారాయణపేట నుంచి బొంబాయి పోయిన మేస్త్రీకి పళ్ల ఎక్స్‌రే ఎక్కడ దొరుకుతుంది? పన్ను నొస్తే ఆర్‌ఎంపీ దగ్గర గోలీ వేసుకుంటారు, ఓర్చుకోలేకపోతే పీకించుకుంటారు. నార్కట్‌పల్లిలోనో మహబూబ్‌నగర్‌లోనో డెంటల్ కాలేజీకి ఎప్పుడైనా వెళ్లారా అని ముందు కుటుంబాన్ని అడగండి. ఒక్క ఎక్స్‌రే దొరికినా అది వంద సెల్ఫీలకన్నా మేలు.

అది లేనప్పుడు మిగిలేది ఫోన్. వాట్సాప్ డీపీ, ఇన్‌స్టా రీల్, బతుకమ్మ నాటి గ్రూప్ ఫొటో, పెళ్లి బరాత్ వీడియో. వీటిలో నోరు తెరిచి నవ్విన ఫొటో ఒక్కటి బాగుంటే పై వరుసలో ముందు పళ్లు ఆరూ కనిపిస్తాయి. సాగర్ ఎడమ కాల్వలో ఉబ్బిపోయి తేలిన దేహానికి, నల్లమలలో దొరికిన పుర్రెకు పేరు వెతికేటప్పుడు ఆ ఆరు పళ్లే చాలాసార్లు దారి చూపుతాయి.

దీని హద్దు కూడా ముందే తెలుసుకోవాలి. ఇంటర్‌పోల్ విపత్తు మృతుల గుర్తింపు విధానంలో వేలిముద్రలు, పళ్లు, డీఎన్‌ఏ ఈ మూడే ప్రధాన ఆధారాలు. నవ్విన ఫొటో పళ్ల కిందికే వస్తుంది కానీ అందులో బలహీనమైన పాయ. మంటల్లో కాలిన దేహాల విషయంలో మరీ బలహీనం. పెదాలు ముడుచుకుపోగానే ముందు పళ్లు నేరుగా వేడికి గురై పగిలిపోతాయి, చెంపల చాటున ఉన్న దవడ పళ్లు నిలుస్తాయి. సెల్ఫీలో కనిపించేవేమో ముందు పళ్లే. 2013 అక్టోబరు 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర వోల్వో బస్సు కాలి 45 మంది చనిపోయినప్పుడు గుర్తింపు డీఎన్‌ఏ మీదే ఆధారపడాల్సి వచ్చింది. అలాంటి చోట ఫొటోల మీద ఆశ పెట్టుకోవద్దు. నీళ్లలో, బావిలో, అడవిలో దొరికిన దేహాలకు, ముఖం గుర్తుపట్టలేనంతగా చెడినా పళ్లు చెడని వాటికి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. డీఎన్‌ఏ రిపోర్టు వచ్చేలోపు ఎవరి తల్లిదండ్రుల రక్త నమూనా ముందు పంపాలో తేల్చడానికి, 'ఈయన కాదు' అని తొందరగా చెప్పడానికి ఇది చాలా విలువైనది.

మొదట దేహం, తర్వాతే ఫొటో

ఫొటో ముందు చూస్తే కన్ను అదే వెతుక్కుంటుంది. పై ఎడమ నడిమి పన్ను మూల విరిగిందని కుటుంబం చెప్పాక ఆ మూల మీద ఉన్న చిన్న గీత కూడా విరిగినట్టే కనిపిస్తుంది. అందుకే దేహం పళ్ల చార్టు పూర్తయి, సంతకం పెట్టి, టైం రాశాకే ఫొటో తెరవాలి. వీలైతే చార్టు ఒకరు, ఫొటో వివరాలు ఇంకొకరు విడివిడిగా రాసి, ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని పోల్చాలి. పళ్ల నంబర్లకు రెండంకెల పద్ధతే వాడండి: పై కుడి నడిమి పన్ను 11, దాని పక్కది 12, కోరపన్ను 13, ఎడమ వైపు 21, 22, 23. కుడి, ఎడమ అంటే మృతుడివి, చూసేవారివి కావు. రిపోర్టుల్లో ఎక్కువగా తారుమారయ్యేది ఇదే.

దవడ బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా విరవొద్దు, ముందు పళ్ల అంచులు లేస్తాయి. మన ఎండల్లో ఆ బిగువు సుమారు 24 నుంచి 36 గంటల్లో సడలుతుంది. కోల్డ్ స్టోరేజీలో పెడితే ఇంకా ఆలస్యమవుతుంది. ముందు పళ్ల కోసమైతే నోరు పూర్తిగా తెరవాల్సిన పనే లేదు, పెదాలు రిట్రాక్టరుతో పక్కకు లాగితే చాలు.

కడగక ముందు ఒక ఫొటో, కడిగాక ఒక ఫొటో తీయాలి. కడగడానికి మెత్తని బ్రష్, మామూలు నీళ్లు చాలు. బురద, రక్తం పోవాలి కానీ పన్ను మీది మరక గీకొద్దు. తర్వాత పన్నును రెండు రకాలుగా తీయండి: తడి గాజుగుడ్డతో తుడిచిన వెంటనే ఒకటి, ఆరాక ఒకటి. ఆరిన ఎనామెల్ (పన్ను గట్టి పైపొర) మీద తెల్ల మచ్చలు లేనివి కూడా లేచి కనిపిస్తాయి. బతికున్న మనిషి పన్ను ఎప్పుడూ ఉమ్మితో తడిగానే ఉంటుంది కాబట్టి సెల్ఫీతో పోల్చేది తడి ఫొటోనే.

పుర్రె అయితే ముందు పళ్లు రాలి ఉండటం మామూలే. వాటికి ఒకటే వేరు, అదీ సన్నగా కోసుగా ఉంటుంది కాబట్టి చిగురు కుళ్లగానే జారిపోతాయి. దేహం ఎత్తిన చోట మట్టిని జల్లెడ పట్టించండి, బాడీ బ్యాగు అడుగున, జుట్టులో వెతకండి. పన్ను దొరక్కపోతే గుంత చూడాలి. అంచులు పదునుగా, గుంత ఖాళీగా ఉంటే పన్ను చనిపోయాక రాలినట్టు. ఎముకతో పూడి నున్నగా ఉంటే బతికుండగా ఎన్నో నెలల కిందట ఊడినట్టు. పోయిన నెల ఫొటోలో ఉన్న పన్నుకు దేహంలో పూడిపోయిన గుంత కనిపిస్తే ఆ మనిషి ఈ మనిషి కాదు.

కాలిన పన్ను ముట్టుకుంటే పొడి అవుతుంది. ముందు ఫొటో తీసి, ఆ తర్వాత సన్నగా సయనోఅక్రిలేట్ జిగురో పారదర్శకమైన లక్కో పూసి గట్టిపడ్డాకే దేహాన్ని కదిలించాలి.

కెమెరాకు 100 మి.మీ. మ్యాక్రో లెన్స్, ఎఫ్16 దగ్గర, రింగ్ ఫ్లాష్ ఉంటే మంచిది. ఎల్ ఆకారపు ఏబీఎఫ్‌ఓ స్కేలును (ఫోరెన్సిక్ ఫొటోల్లో పెట్టే కొలబద్దను) పళ్ల ముందు కాదు, పళ్ల సరిసమాన తలంలో పెట్టాలి. స్కేలు ముందుకొచ్చినా కెమెరా వంకరగా ఉన్నా కొలత తప్పుతుంది. ఫోనే దిక్కైతే 5 సెం.మీ. దగ్గరికి తెచ్చి తీయొద్దు, అర మీటరు దూరంలో నిలబడి జూమ్ లెన్స్ వాడండి. నేరుగా ఒకటి, కుడికి 15 డిగ్రీలు, ఎడమకు 15, పైనుంచి, కింది నుంచి, ఇలా కనీసం ఐదు కోణాలు తీసి పెట్టుకోండి. తర్వాత వచ్చే సెల్ఫీ ఏ కోణంలో ఉంటుందో ఇప్పుడే తెలియదు.

కుటుంబాన్ని అడిగేటప్పుడు

ఆధార్ ఫొటో, పాస్‌పోర్టు సైజు ఫొటో తెస్తారు. రెండిట్లోనూ నోరు మూసే ఉంటుంది. నేరుగా అడగాలి: "అమ్మా, ఆయన నవ్వంగ పండ్లు కనవడే ఫొటో ఏదన్న ఉన్నదా? పెండ్లిల, జాతరల, దోస్తులతోని దిగింది ఏదైనా సరే. వీడియో ఉన్నా ఇయ్యు." ఫోన్ ఎక్కువగా తమ్ముడి దగ్గరో మేనల్లుడి దగ్గరో ఉంటుంది, అతన్ని పక్కకు పిలిచి మాట్లాడండి. మృతుని ఫోన్ లాక్ అయి ఉన్నా కంగారు పడక్కర్లేదు, ఫొటో తీసిన స్నేహితుడి ఫోన్‌లో అసలు ఫైలు ఉంటుంది.

అసలు ఫైలు అనే మాట దగ్గర మొండిగా ఉండండి. స్క్రీన్‌షాట్ వద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిన్నదైపోతుంది, ఎప్పుడు ఏ ఫోన్‌తో తీశారన్న సమాచారం కూడా పోతుంది. కేబుల్ పెట్టి కెమెరా ఫోల్డరు నుంచి తీసుకోవాలి, లేదా డాక్యుమెంట్‌గా పంపమనాలి. ఫోన్ పోతే గూగుల్ ఫొటోస్ బ్యాకప్ చూడండి. 'ఐఎంజీ-20240312-డబ్ల్యూఏ0007' అని పేరున్న ఫైలు కనిపిస్తే ఆ తేదీ వాట్సాప్‌లో వచ్చిన తేదీ మాత్రమే, ఫొటో దిగిన తేదీ కాదు. ఫేస్‌బుక్‌లో పెట్టిన తేదీ కూడా అంతే; పాత ఫొటోలు మళ్లీ పెడుతుంటారు. అది ఏ పండుగ, ఎవరి పెళ్లి అని అడిగి ఏడాది ఖాయం చేసుకోండి.

వేర్వేరు ఏళ్లవి ఐదారు ఫొటోలు, అందులో చివరి ఆరు నెలలది కనీసం ఒకటి ఉండాలి. ఒక్క ఫొటోలో కనిపించిన సందు నీడ కావొచ్చు. మూడు ఫొటోల్లో అదే చోట కనిపిస్తే సందే. మాట్లాడే రీల్స్, వీడియోలు మరీ మంచివి, వాటిలో కింది పళ్లు కూడా బయటపడతాయి. ఒక్కో ఫ్రేమ్ ఆపుతూ చూడండి.

కొన్నిటిని మాత్రం పక్కన పెట్టాలి. పుట్టినరోజు ఫ్లెక్సీ మీది ఫొటోలో పళ్లు డిజైనర్ తెల్లగా చేసినవి. పెళ్లి ఆల్బంలో సందులు పూడుస్తారు, మరకలు తీస్తారు. ఫొటోగ్రాఫర్‌ను అడిగి దిద్దని అసలు ఫైలు తెప్పించండి. ఫిల్టర్ వేసిన ఫొటోలో అంచులు నున్నగా కరిగిపోతాయి. అన్నిటికన్నా ప్రమాదం, మసక ఫొటోను ఏఐ యాప్‌లో వేసి 'క్లియర్' చేయించడం. సాయం చేస్తున్నామనుకుని కుటుంబమే చేసి తెస్తుంది, కొన్నిసార్లు స్టేషన్‌లోనూ చేస్తారు. ఆ యాప్ ఉన్న పన్నును శుభ్రం చేయదు, లేని పన్నును కల్పించి పెడుతుంది. అలాంటి ఫొటో మీద ఏ అభిప్రాయమూ రాయొద్దు.

పిక్సెల్ లెక్క

ఫొటో పనికొస్తుందా లేదా అన్నది పోల్చడం మొదలుపెట్టక ముందే లెక్క కట్టొచ్చు. పై నడిమి పన్ను వెడల్పు సుమారు 8.5 మి.మీ. ముఖం వెడల్పు సుమారు 140 మి.మీ. సెల్ఫీలో ముఖం 600 పిక్సెళ్లు ఆక్రమిస్తే మి.మీ.కు 4.3 పిక్సెళ్లు, అంటే ఆ పన్నుకు 36 వచ్చినట్టు. విరిగిన మూల, అంచు వంపు చదవడానికి ఇది చాలు. అదే నిలువెత్తు ఫొటోలో 1,700 మి.మీ. మనిషి 1,500 పిక్సెళ్లలో ఉంటే పన్ను మొత్తానికి 7, 8 పిక్సెళ్లే. పెద్ద సందు, లేని పన్ను తప్ప అందులో ఏమీ తేలదు. మా లెక్కలో పన్నుకు 20 పిక్సెళ్లు దాటకపోతే అంచు గురించి మాట్లాడకూడదు. కంప్రెషన్ వల్ల వచ్చే గడుల మచ్చలు పన్ను మీది గుంటల్లా కనిపించేది కూడా ఇలాంటి చిన్న ఫొటోల్లోనే.

తర్వాత కుడి ఎడమల పరీక్ష. ముందు కెమెరాతో తీసిన సెల్ఫీని చాలా ఫోన్లు అద్దంలో చూసినట్టు తిప్పి దాస్తాయి. వెనక షాపు బోర్డు మీద అక్షరాలు తిరగబడ్డాయా, చీర కొంగు కుడి భుజం మీదికి వచ్చిందా, చొక్కా గుండీల పట్టీ ఏ వైపు ఉంది, ముక్కుపుడక ఏ వైపు పెట్టుకునేదో ఇంట్లోవాళ్లు ఏమంటారు, ఇవన్నీ చూడండి. ఏ ఆనవాలూ లేకపోతే రెండు రకాలుగానూ పోల్చి, ఆ సంగతి రిపోర్టులో రాయాలి. విరిగిన మూల 11దా 21దా అన్నది దీని మీదే ఆధారపడుతుంది.

నల్లగొండ పళ్ల మరక

ఇక్కడ బయటివారు ఎక్కువగా తప్పటడుగు వేస్తారు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1 మి.గ్రా. మించకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా సహించవచ్చు అన్నది భారత ప్రమాణం. ఆ హద్దు దాటిన నీళ్లు చిన్నప్పటి నుంచి తాగితే పన్ను తయారయ్యేటప్పుడే ఎనామెల్ చెడుతుంది. దేహానికి గోధుమ రంగు చారల పళ్లు, ఫొటోలోనూ గోధుమ రంగు చారల పళ్లు, కాబట్టి ఒకరే అని రాసేస్తారు. ఆ చారలు అతని అన్నకూ ఉంటాయి, పక్కింటి పిల్లాడికీ ఉంటాయి, ఒకే బోరు నీళ్లు తాగి పెరిగిన ఈడువాళ్లందరికీ ఉంటాయి. గుర్తించాల్సింది మనిషిని, ఊరిని కాదు.

అయినా మరకను పారేయొద్దు, సరిగ్గా చదవాలి. ఫ్లోరైడ్ వల్ల పళ్లు చెడే ఈ జబ్బు, ఫ్లోరోసిస్, జంట పళ్ల మీద సమానంగా వస్తుంది: 11 మీద ఎలా ఉంటే 21 మీద అలా, 12 మీద ఎలా ఉంటే 22 మీద అలా, ఎందుకంటే ఆ జంటలు ఒకే వయసులో తయారవుతాయి. కాబట్టి ఒకే పన్ను మీద, దాని జంట మీద లేకుండా, తెల్లదో పసుపుదో మచ్చ ఉంటే అది ఫ్లోరోసిస్ కాదు. చిన్నప్పుడు పాలపన్నుకు దెబ్బ తగిలో చీము పట్టో కింద తయారవుతున్న పన్ను చెడి వచ్చిన మచ్చ. అది ఆ ఒక్క మనిషిది. ఊరంతా మరకలున్న చోట ఆ ఒంటరి మచ్చకున్న విలువ ఇంకా ఎక్కువ. అలాగే తీవ్ర ఫ్లోరోసిస్‌లో ఎనామెల్ పెచ్చులు లేచి గుంటలు పడతాయి. మరక రంగు పదిమందికి ఒకటే కావొచ్చు, పెచ్చు లేచిన గుంట ఆకారం ఒక్కొక్కరికి ఒక్కో తీరు.

కాలంతో పాటు మార్పు ఏ దిక్కుకు పోతుందో కూడా తెలిసి ఉండాలి. పన్ను లేచినప్పుడు సున్నం తెలుపుగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. గుంటలు పెరుగుతాయి కానీ పూడవు. పదిహేనేళ్ల నాటి ఫొటోలో తెలుపు, దేహంలో గోధుమ రంగు ఉంటే అది వివరించగలిగే తేడా. ఫొటోలో గుంటలు, దేహంలో నున్నని పన్ను ఉంటే మధ్యలో పన్నుకు తొడుగో పూతో వేయించారా అని పన్ను మీదే వెతకాలి. అలాంటి పనేదీ కనిపించకపోతే మనిషి వేరు.

గుట్కా, పాన్ గార వేరు. అది చిగురు అంచున, పళ్ల సందుల్లో పేరుకుంటుంది, స్కేలర్‌తో గీకితే వస్తుంది. ఫ్లోరోసిస్ చార పన్నుకు అడ్డంగా పన్ను లోపలే ఉంటుంది, గీకితే రాదు. ఇంకో ఉపయోగం: ముందు పళ్ల ఎనామెల్ పుట్టిన దగ్గర్నుంచి ఆరేడేళ్ల లోపు తయారవుతుంది. హైదరాబాద్‌లో దొరికిన గుర్తు తెలియని దేహానికి తీవ్ర ఫ్లోరోసిస్ ఉంటే ఆ మనిషి బాల్యం ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లో గడిచిందని అర్థం. మిస్సింగ్ కేసులు వెతికేటప్పుడు నల్లగొండ స్టేషన్లను వదలకూడదు.

పోల్చడం

రంగుకన్నా ఆకారానికి, ఆకారంకన్నా పళ్లు ఒకదానితో ఒకటి ఉన్న తీరుకు ఎక్కువ విలువ ఇవ్వండి. ఫోన్ వైట్ బ్యాలెన్స్, బల్బు వెలుగు పన్ను రంగును ఎటైనా మారుస్తాయి. విరిగిన మూల వాలు, నడిమి సందు, పన్ను మీద పన్ను, తిరిగిన పన్ను, మేకులా సన్నగా ఉన్న 12 లేదా 22, దెబ్బ తగిలి చచ్చి నల్లబడ్డ పన్ను, స్టీలు లేదా బంగారు తొడుగు, ఇవి మారవు, లేదా మారితే కారణం కనిపిస్తుంది.

ముందుగా ఫొటో ఏ దూరం నుంచి తీశారో అంచనా వేయండి. చేయి చాచి తీసిన సెల్ఫీ 50, 60 సెం.మీ. నుంచి ఉంటుంది. కోరపన్ను నడిమి పళ్లకన్నా సుమారు ఒక సెం.మీ. వెనక ఉంటుంది కాబట్టి 30 సెం.మీ. నుంచి తీస్తే అది 3 శాతం పైగా చిన్నదై కనిపిస్తుంది, మీటరున్నర నుంచి తీస్తే ఒక శాతం కూడా తేడా రాదు. కెమెరా పైనుంచి చూస్తే పళ్ల అంచుల వరుస కిందికి బాగా వంగినట్టు, కింది నుంచి చూస్తే చదునుగా కనిపిస్తుంది. సెల్ఫీలు ఎక్కువగా పైనుంచే తీస్తారు. అందుకే ఫొటోను దేహానికి సరిపోయేలా సాగదీయకూడదు. చార్టు కోసం తీసిన దగ్గరి ఫొటోలు ఎలాగూ ఉన్నాయి. సెల్ఫీ వచ్చాక దేహాన్ని అదే దూరం, అదే కోణం నుంచి మళ్లీ తీయాలి.

ఆ తర్వాత పని జింప్‌లోనో ఫొటోషాప్‌లోనో. అసలు ఫైలు ముట్టుకోకుండా కాపీ మీద చేయండి. పై ఆరు పళ్ల కింది అంచును సెల్ఫీ మీద సన్నని గీతగా గీయండి, 13 కొన నుంచి 23 కొన దాకా. ఆ గీతను వేరే లేయరుగా దేహం ఫొటో మీదికి తెచ్చి, రెండు కోరపళ్ల కొనలు కలిసేలా నిడివి, వెడల్పు ఒకే నిష్పత్తిలో మార్చండి. వెడల్పు ఒక్కటే సాగదీస్తే ఎవరి పళ్లయినా కలుస్తాయి. కొనలు కలిశాక మధ్యలో నాలుగు పళ్ల మెట్లు ఎలా పడ్డాయో చూడాలి. వెలుగు, కాంట్రాస్టు మార్చొచ్చు, మార్చినంత రాసి పెట్టాలి. రెండు ఫొటోలు సగం పారదర్శకంగా ఒకదాని మీద ఒకటి పెట్టడమూ మంచిదే. అయితే ఆ పద్ధతి 'కాదు' అని చెప్పడంలో గట్టిది, 'అవును' అని చెప్పడంలో అంత గట్టిది కాదు.

పన్నుకో వరుస చొప్పున పట్టిక రాయండి: ఫొటోలో ఏముంది, దేహంలో ఏముంది, ఒకటేనా, తేడా ఉంటే వివరించగలమా. 'కనిపించడం లేదు' వేరు, 'లేదు' వేరు. పెదవి నీడలో దాగిన 23ను లేని పన్నుగా రాస్తే మొత్తం పోలిక తలకిందులవుతుంది. ఇన్ని పోలికలు ఉంటే చాలు అన్న అంకె పళ్ల గుర్తింపులో లేదు. వివరించలేని తేడా ఒక్కటి చాలు, మనిషి వేరని చెప్పడానికి. ఫొటోలో ఊడిపోయిన పన్ను దేహంలో సొంత పన్నుగా ఉంటే అది అలాంటి తేడా. తొడుగో కట్టుడు పన్నో పెట్టించుకుని ఉంటే కాదు.

రిపోర్టు, కాగితాలు

అభిప్రాయం నాలుగింట్లో ఒకటి: గుర్తింపు ఖాయం, సాధ్యం, ఆధారం చాలదు, కాదు. ఫొటో ఒక్కటే ఆధారమైనప్పుడు అరుదైన గుర్తులు రెండు మూడు కలిస్తే తప్ప 'సాధ్యం' దాటొద్దు. మార్చురీ బయట నిన్నటి నుంచి కూర్చున్న కుటుంబం ఒత్తిడి మనసు మీద పడుతుంది. తప్పు మనిషికి దహనం జరిగితే రెండు ఇళ్లకు అన్యాయం జరుగుతుంది, సరిదిద్దడానికి బూడిద తప్ప ఏమీ మిగలదు. 'సాధ్యం' అన్నచోట పుచ్చులేని దవడ పన్ను ఒకటి డీఎన్‌ఏ కోసం పంపండి, పొడిగా కాగితం కవరులో. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ చెడిపోతుంది.

2024 జులై 1 నుంచి పంచనామా భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద జరుగుతోంది. ఫొటో ఫైలు కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో రెండు భాగాలు: ఎ భాగం ఫైలు ఇచ్చినవారు, బి భాగం నిపుణుడు నింపాలి. హాష్ విలువ (ఫైలు కాస్త మారినా మారిపోయే సంకేత సంఖ్య) రాయాలి కాబట్టి ఫైలు తీసుకున్న నిమిషంలోనే ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో దాన్ని తీసి పంచుల ముందు రాయించండి. రెండు రోజుల తర్వాత తీస్తే, ఆ మధ్యలో ఫైలు మారలేదని చెప్పడానికి ఏ ఆధారమూ ఉండదు. దేహం పళ్ల ఫొటోలు స్టేషన్ వాట్సాప్ గ్రూపులో వేయకండి. గంటలో ఊరంతా తిరుగుతాయి, వాటిని చూసి వచ్చే 'గుర్తింపులు' దేనికీ పనికిరావు.

ఎవరూ రాని దేహాన్ని ఖననానికి పంపే ముందు కూడా ఈ ఫొటోలన్నీ తీయాలి. వలస వెళ్లిన మనిషి కోసం ఇంట్లోవాళ్లు పండుగ దాకా ఎదురుచూసి, అప్పుడు గానీ ఫిర్యాదు ఇవ్వరు. అది కూడా వేరే జిల్లాలో ఇస్తారు. ఐదు కోణాల తడి ఫొటోలు, పొడి ఫొటోలు, చార్టు, దవడ పన్ను, దేహం కొలతలు, దొరికిన చోటు, అన్నీ పోస్ట్‌మార్టం నంబరు, క్రైం నంబరు కింద ఒకే కవరులో పెట్టి, ఫొటోల కాపీ ఒకటి ఫోరెన్సిక్ విభాగంలో, ఒకటి స్టేషన్‌లో ఉంచండి. కవరు మీద దేహం దొరికిన తేదీతో పాటు చనిపోయి ఎన్ని రోజులై ఉండొచ్చో కూడా రాయండి. తర్వాత వచ్చే కుటుంబాన్ని ఏ నెలలో దిగిన ఫొటో అడగాలో దాన్ని బట్టే తెలుస్తుంది.